మిల్లులోని భూమి తీగె

(అడవి సరిహద్దు గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు మేము మీ ఎదుట ప్రస్తావింపదలచినది పెద్ద ఆనకట్టను గూర్చి గాని, కోట్ల రూపాయల పథకమును గూర్చి గాని కాదు. మీ ఊరి పిండి గిర్నికి, కారపు మిల్లుకు, వడ్ల మిల్లుకు, కట్టె కోత మిషనుకు, వెల్డింగు దుకాణమునకు తప్పక ఉండవలసిన ఒక తీగెను గూర్చి మాత్రమే. దానిని అందరును ఎర్తు తీగె అందురు. భూమి తీగె అన్నను తప్పు లేదు. ఆ తీగె వలన యంత్రము తిరుగదు, దీపము వెలుగదు, పిండి రాలదు. అందుచేతనే దానిని పట్టించుకొనువారు అరుదు. కాని ఏదో ఒకనాడు ఒక మనిషి ప్రాణము ఆ తీగె మీదనే ఆధారపడును.

ఒక గిర్నిలో చూచినది

వానకాలమున ఒకమారు మేము పని మీద అడవి అంచున ఉన్న ఒక గ్రామమునకు వెళ్ళితిమి. వాన వెలిసిన వేళ. పిండి గిర్ని ముందు నలుగురైదుగురు స్త్రీలు జొన్నల సంచులతో నిలిచియున్నారు. నేల తడి, పాదములు తడి. ఒక ఆమె తన వంతు రాగానే చీరకొంగును చేతికి చుట్టుకొని, గింజలు పోయు ఇనుప డబ్బాను పట్టుకొన్నది. అట్లేల చేసితివమ్మా అని అడిగితిమి. ఆమె నవ్వి, “వట్టి చేతితోని ముట్టుకుంటే జివ్వుమంటది సారూ, అందుకే కొంగు అడ్డం పెట్టుకుంట” అన్నది. గిర్ని యజమాని కూడ నవ్వి, “వానకాలంల అట్లనే ఉంటది సార్, ఎండకాలం ఏం ఉండదు” అన్నాడు.

మాకు నవ్వు రాలేదు. ఆ ఊరివారందరును ఆ జివ్వుమనుటను యంత్రము యొక్క స్వభావముగా భావించి, దానితో కాపురము చేయుచున్నారు. ఎర్తు ఉన్నదా అని అడుగగా యజమాని ఉత్సాహముతో చూపెను. మోటారు కాలికి కట్టిన సన్నని తీగె గోడ వెలుపల ఒక ఇనుప కడ్డీకి చుట్టబడియున్నది. ఆ కడ్డీ రాళ్ళ గుట్ట మీద మూరెడు లోతున పాతబడియున్నది. ముడి తుప్పు పట్టి, చేతితో కదల్చగానే ఊడివచ్చినది. చేతి గ్రైండరుకు ప్లగ్గు లేదు. దాని తీగె కొనలు సాకెట్టు రంధ్రములలో అగ్గిపుల్లలతో బిగింపబడియున్నవి.

మేము గిర్నిని ఆపింపజేసితిమి. లైన్‌మన్‌ను, లైసెన్సు గల వైరింగు పనివానిని పిలిపించి చూపింపగా, మోటారు మీది చిన్న పెట్టెలో తీగె తొడుగు ఇనుప అంచుకు రాచుకొని తెగియున్నది. అంతకుముందు ఎన్ని వారములుగా ఎందరు ఆ డబ్బాను ముట్టిరో! ఎవరికిని ఏమియు కాలేదన్నచో అది యజమాని జాగ్రత్త కాదు, ఆ కొంగు చలువ. ఆ ఊరి పేరు మేము చెప్పము. చెప్పనవసరమును లేదు. అట్టి గిర్ని మీ ఊరిలో లేదని మీలో ఎందరు నిశ్చయముగా చెప్పగలరు?

యంత్రము వచ్చినది, జాగ్రత్త రాలేదు

ఒకప్పుడు ఈ ప్రాంతమున రోలు, రోకలి, తిరుగలి ఇవియే మిల్లులు. 1966లో పాల్వంచ యందలి కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. పిమ్మట సీలేరు నీటి నుండియు విద్యుత్తు పుట్టినది. నాటి తొలి థర్మల్ యూనిట్లు ఇప్పుడు లేవు గాని, అవి వేసిన దారిన తీగెలు అడవి పల్లెలకును వచ్చినవి. స్త్రీల రెక్కల కష్టము తగ్గినది. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే యంత్రము వచ్చినంత వేగముగా దానిని వాడు జాగ్రత్త రాలేదు. ఇంటిలోని దీపమునకు వచ్చునది 230 వోల్టులు. మిల్లు మోటారుకు వచ్చు మూడు ఫేజుల నడుమ ఉండునది 400 వోల్టులకు పైమాట. ఈ తేడాను మనము మరువరాదు.

జివ్వుమనుట యనగా నేమి?

మోటారు లోపలి తీగె చుట్టల మీద వార్నీసు పూత ఉండును. బయటి తీగెలకు తొడుగు ఉండును. ఆ పూత తేమకు చెడినను, తొడుగు ఎలుక కొరికి తెగినను, కరెంటు యంత్రపు ఇనుప ఒంటికి ఎక్కును. అచ్చటి నుండి భూమిలోనికి పోవుటకు అది దారి వెదకును. మనము ఇచ్చిన మంచి దారి లేనిచో, యంత్రమును ముట్టుకొన్న మనిషి శరీరమే దానికి దారి యగును.

ఎంత కరెంటు పోయిన ప్రమాదము? అరువది వాట్ల బల్బు వెలుగుటకు సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావలెను. శరీరము గుండా 10 మిల్లీ ఆంపియర్లు దాటి పోయినచో చేతి కండరములు బిగుసుకొని, పట్టు వదలుట కష్టమగును. 50 మిల్లీ ఆంపియర్లు కొద్ది క్షణములు గుండె మీదుగా పోయినచో గుండె లయ తప్పవచ్చును. అనగా ఒక చిన్న బల్బు త్రాగు కరెంటులో అయిదవ వంతు మనిషిని చంపుటకు చాలును.

ఇక ఎండకాలమున ఏమియు ఉండదను మాట ఆలోచింపుడు. ఎండకాలమున నేల పొడి, కాలు పొడి, చేయి పొడి. కరెంటుకు మన శరీరము గుండా దారి సులభము కాదు. వానకాలమున ఆ అడ్డు తొలగును. లోపము ఏడాది పొడుగునను ఉన్నది. వాన దానిని బయట పెట్టినది, అంతియే. కావున జివ్వుమనుట వానకాలపు గుణము కాదు, యంత్రము చేయు హెచ్చరిక. జివ్వుమన్న యంత్రమును ఆ క్షణమే ఆపవలెను. లోపము కనుగొని బాగుచేయు వరకు మరల తిప్పరాదు.

ఇల్లలుకగానే పండుగ కాదు

భూమి తీగె కనిపించినంత మాత్రమున పని ముగిసినట్లు కాదు. ఇల్లలుకగానే పండుగ కాదు గదా! ఆ తీగె కరెంటును నిజముగా భూమిలోనికి చేర్చగలదా అన్నదే ప్రశ్న.

ఒక చిన్న లెక్క చూడుడు. ఏడున్నర అశ్వశక్తి మోటారు పూర్తి పని మీద సుమారు 11 ఆంపియర్లు తీసుకొనును. తిరుగ నారంభించునప్పుడు దానికి అయిదారు రెట్లు లాగును. అందుచేత దానికి 20, 25 ఆంపియర్ల ఫ్యూజు వేయుదురు. మిల్లు ఎర్తు గొయ్యి చూపు అడ్డగింపు 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద గొయ్యి అడ్డగింపు 5 ఓములు అనుకొందము. కరెంటు ఒంటికి ఎక్కినప్పుడు 230 వోల్టులను 15 ఓములచే భాగింపగా సుమారు 15 ఆంపియర్లు భూమిలోనికి పోవును. 25 ఆంపియర్ల ఫ్యూజు దానికి కాలదు. మిల్లు తిరుగుచునే యుండును. యంత్రపు ఒంటి మీద మాత్రము 150 వోల్టులకు పైగా నిలిచియుండును. ఎర్తు ఉన్నది, ఫ్యూజు ఉన్నది, అయినను ప్రమాదమును ఉన్నది. మన గుట్టల నేలలలో, రాతి నేలలలో, ఎండిన చెలకలలో అడ్డగింపు 10 ఓములు కాదు, ఇంకను ఎన్నో రెట్లు ఉండవచ్చును.

దీనికి రెండు ఉపాయములు కలవు. రెండును కావలెను.

మొదటిది మంచి గొయ్యి. సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసము, రెండున్నర మీటర్ల పొడవు గల గాల్వనైజ్డు ఇనుప గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపుట వాడుక. పైన గరాటు పెట్టి, ఎండకాలమున నీరు పోయుచుండవలెను. గొయ్యి గోడకు కనీసము ఒకటిన్నర మీటర్ల దూరమున ఉండవలెను. మోటారు ఒంటికి రెండు వేరు వేరు భూమి తీగెలు ఉండవలెనని 1956 నాటి విద్యుత్ నిబంధనలే చెప్పినవి. ఒకటి తెగినను రెండవది కాపాడవలెనని దాని భావము. రెండు గోతుల నడుమ సుమారు అయిదు మీటర్ల ఎడము ఉంచి, వానిని ఒకదానితో నొకటి కలుపవలెను. ఎర్తింగు పద్ధతులను వివరించు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 3043 తొలుత 1966లో వెలువడి, 2018లో మరల సవరింపబడినది. గొయ్యి అడ్డగింపును కొలుచుటకు ఎర్తు టెస్టరు అను సాధనము కలదు. ఎండకాలము చివర కొలిచినప్పుడు వచ్చు అంకెయే నమ్మదగిన అంకె.

రెండవది లీకేజి బ్రేకరు. దీనిని ఆర్.సి.సి.బి. అందురు, కొందరు పాత అలవాటున ఇ.ఎల్.సి.బి. అందురు. లోనికి పోయిన కరెంటు అంతయు తీగెల ద్వారా తిరిగి వచ్చుచున్నదా లేదా అని ఇది సరిచూచుచుండును. కొంత భూమిలోనికి జారిపోయినచో రెప్పపాటులో సరఫరాను త్రెంచును. చేతి పనిముట్లకు 30 మిల్లీ ఆంపియర్లది, మోటారు యంత్రములకు 100 మిల్లీ ఆంపియర్లది వాడుదురు. పైన చెప్పిన లెక్కలో 15 ఆంపియర్లకు కాలని ఫ్యూజు ఎక్కడ, పదియవ వంతు ఆంపియరుకే పడిపోవు ఈ బ్రేకరు ఎక్కడ! మిల్లుల వంటి మూడు ఫేజుల సరఫరాకు ఇట్టి రక్షణ ఉండవలెనని 2010 నాటి కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనలు, వాని స్థానమున వచ్చిన 2023 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. దాని మీద పరీక్ష మీట ఒకటి ఉండును. నెలకొకమారు దానిని నొక్కి, బ్రేకరు పడుచున్నదో లేదో చూడవలెను.

కొందరు ఇది మాటిమాటికి పడిపోవుచున్నదని దానిని తప్పించి తీగెలు నేరుగా కలుపుచున్నారు. దొంగను చూచి మొరిగిన కుక్కను కొట్టుట వంటిదే ఇది.

తీగె బిగింపు

స్థిరముగా నిలిచియుండు యంత్రమునకు ప్లగ్గు, సాకెట్టు తగవు. తీగెను నేరుగా బిగింపవలెను. మెయిన్ స్విచ్చి నుండి స్టార్టరుకు, స్టార్టరు నుండి మోటారుకు తీగెలు గొట్టములో నడువవలెను. దారి మధ్య అతుకులు ఉండరాదు. తీగె కొనలకు లగ్గులు నొక్కి, బోల్టులతో బిగింపవలెను. మెలిపెట్టి చుట్టిన ముడి వేడెక్కి కాలును. ఇనుప పెట్టెలోనికి తీగె పోవు రంధ్రము వద్ద గ్లాండు ఉండవలెను. మేము చూచిన గిర్నిలో ఈ చిన్న వస్తువు లేకపోవుటయే అంత పని చేసినది. బెల్టు బిగించుటకు మోటారును జరుపుచుందురు గనుక, చివరి మూరెడు వంగు గొట్టము వాడవలెను.

భూమి తీగెకు స్విచ్చి గాని, ఫ్యూజు గాని ఉండరాదు. బిగించుచోట రంగును గీకి, మెరయు ఇనుము మీద బిగింపవలెను. అన్నిటికంటె ముందు కలుపవలసినదియు, అన్నిటికంటె చివర విప్పవలసినదియు అదియే. పచ్చ రంగు గాని, పసుపు చారలు గల పచ్చ రంగు గాని దాని గుర్తు. ఆ రంగు తీగెను మరి దేనికిని వాడరాదు.

స్టార్టరులోని వోల్టు కాయిలును తీసివేసి, మీటకు పుల్ల అడ్డము పెట్టు అలవాటు కొన్నిచోట్ల కలదు. కరెంటు పోయి మరల వచ్చినప్పుడు యంత్రము తనంత తాను తిరుగకుండుటకే ఆ కాయిలు ఉన్నది. రంపము వద్ద చేయి పెట్టి శుభ్రము చేయుచున్నప్పుడు కరెంటు వచ్చినచో ఏమగును? కావున యంత్రమును శుభ్రపరచువాడు మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజులు ఊడదీసి, తన జేబులో పెట్టుకొనవలెను. జేబు కంటె మంచి తాళము లేదు.

మరి రెండు దురలవాట్లు. న్యూట్రలు తీగె తెగినప్పుడు ఎర్తు కడ్డీనే న్యూట్రలుగా వాడుట ఒకటి. యంత్రపు ఒంటిని న్యూట్రలుకు ముడివేసి, ఇదియే ఎర్తు అనుట రెండవది. న్యూట్రలు ఎచ్చటనైనను తెగినచో యంత్రమంతయు కరెంటు మయమగును. ఈ రెండును ప్రాణాంతకములు.

గోదావరి పొంగినప్పుడు

మన ప్రాంతమునకు మరియొక చిక్కు కలదు. భద్రాచలము వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులు అన్న సంగతి మీకు తెలియును. నదులు పొంగినప్పుడు పల్లపు మిల్లులు మునుగును. వరద తీసిన పిమ్మట ఆత్రపడి మీట వేయరాదు. నీరు చేరకముందే మెయిన్ ఆపవలెను. నీరు దిగిన పిదప మోటారును విప్పి, ఆరబెట్టి, మెగ్గరుతో పరీక్షింపవలెను. తొడుగు అడ్డగింపు ఒక మెగ ఓముకు తగ్గరాదు. స్విచ్చి, స్టార్టరు మీటర్లు ఇంకను ఎత్తున బిగించుకొనుట మేలు.

అడవి అంచున ఇంకొక మాట చెప్పక తప్పదు. అడవి పందుల కొరకు గట్ల మీద తీగె పరచి కరెంటు ఇచ్చుట నేరము. ఆ తీగెకు పందియును, పశువును, పొరుగు రైతును ఒక్కటే. తడి నేల మీద కాలుండగా ఒట్టి తీగె తగిలిన ప్రాణము పోవునని ఆ పని చేయువారికి తెలియును. జివ్వుమను గిర్ని డబ్బా అట్టి తీగెయే అని మాత్రము మనకు తోచుట లేదు.

ప్రమాదము జరిగినచో

ఎవరికైనను కరెంటు తగిలినచో మొదట సరఫరా ఆపవలెను. ఆపుట సాధ్యము కానిచో, పొడి కర్రతో మనిషిని విడదీయవలెను. చేతితో పట్టి లాగరాదు. మట్టిలోనో ఇసుకలోనో కప్పిన కరెంటు దిగిపోవునను నమ్మకము వ్యర్థము. శరీరములో కరెంటు నిలిచియుండదు, కాలము మాత్రము వృథా యగును. ఊపిరి ఆడనిచో రొమ్ము నడుమ రెండు అరచేతులు పెట్టి, నిమిషమునకు 100 నుండి 120 మారులు, అయిదు సెంటీమీటర్ల లోతున ఒత్తుచు, 108 వాహనమును పిలువవలెను. విద్యుత్ సంస్థకు తెలుపుటకు 1912 సంఖ్య కలదు. ప్రమాదములను విచారించుటకు 2003 విద్యుత్ చట్టపు 161వ విభాగము వీలు కల్పించినది. కనుక ప్రాణరక్షణకు అవసరమైనంత మేరకు తప్ప అచ్చటి తీగెలను మార్చరాదు.

మీ చేతిలోని పని

ఇదంతయు విద్యుత్ శాఖ పని కదా, మాకేమి పని అని మీరు అడుగవచ్చును. గ్రామములో కరెంటుతో నడుచు యంత్రమును నెలకొల్పుటకు పంచాయతీ అనుమతి కావలెను. ఆ కాగితము మీద సంతకము మీదే. సంతకమునకు ముందు ఈ అయిదు ప్రశ్నలు అడుగుడు. ఒకటి, వైరింగు చేసినవానికి లైసెన్సు కలదా, పరీక్షా నివేదిక ఇచ్చినాడా? రెండు, మోటారుకు రెండు భూమి తీగెలు, రెండు గోతులు కలవా? మూడు, గొయ్యి అడ్డగింపు ఎంత, ఎప్పుడు కొలిచినారు? నాలుగు, లీకేజి బ్రేకరు ఉన్నదా, మీట నొక్కగా పడినదా? అయిదు, పనివాని చేతికి అందునంత దూరములో మెయిన్ స్విచ్చి కలదా? వీనికి జవాబు చెప్పుటకు ఇంజనీరింగు చదువు అవసరము లేదు. కండ్లతో చూచి, కాగితమును అడిగిన చాలును.

పాత మిల్లులను కూడ ఏటా వానలకు ముందు ఒకమారు చూచిరండు. లైన్‌మన్‌ను వెంటబెట్టుకొని పొండు. గిర్ని యజమాని కూడ చిన్న మనిషియే. అతనిని బెదరించుటకు కాదు, అతని కుటుంబమును కూడ కాపాడుటకే మీరు వెళ్ళుచున్నారని తెలియజెప్పుడు. రోజంతయు ఆ డబ్బా ప్రక్కన నిలుచువాడు అతడే గదా. మిల్లునకు వచ్చు స్త్రీలను అడుగుడు: ముట్టుకొన్న జివ్వుమనుచున్నదా? ఏ టెస్టరు కంటె ముందుగా వారి చేతులకే ఆ సంగతి తెలియును. గ్రామసభలో ఒక్క మాట చాటింపుడు: జివ్వుమన్న యంత్రమును గూర్చి చెప్పినవారిని ఎవరును కోపగించుకొనరాదు.

చివరగా ఒక మనవి. ఊరి మిల్లులను చూడబోవు ముందు పంచాయతీ మంచినీటి మోటారు స్టార్టరు పెట్టెను తెరచి చూడుడు. అచ్చట భూమి తీగె సరిగా ఉన్నచో, గిర్ని యజమానిని అడుగుటకు మనకు నోరు ఉండును. లేనిచో మొదటి గొయ్యి అచ్చటనే తీయింపుడు.

ఆనాడు కొంగు చుట్టుకొన్న ఆ తల్లి, మరుసటి నెలలో మేము ఆ దారిని పోయినప్పుడు గిర్ని వద్దనే కనిపించినది. అప్పటికి రెండు గోతులు తీసి, బ్రేకరు బిగించియున్నారు. ఆమె వట్టి చేతితో డబ్బాను పట్టుకొని గింజలు పోసినది. మీ గ్రామములన్నిటిలో స్త్రీలు అట్లు నిర్భయముగా గింజలు పోయగలుగుటకు పాటుపడవలెనని కోరుచు, సెలవు తీసుకొనుచున్నాము.